అన్నిటికీ డిస్గస్టే

ఇంగ్లీషువాళ్ళకు పనీపాటా లేదని నాకు ఎప్పటినుంచో అనుమానం. లేకపోతే ఒక్క అసహ్యానికి అన్ని మాటలు ఎందుకు చెప్పండి? డిస్గస్ట్ అంటారు, రివల్షన్ అంటారు, రిపగ్నెన్స్ అంటారు, అబారెన్స్ అంటారు. అవి చాలవన్నట్టు లోదింగ్ అని ఇంకొకటి. తేడా ఏమిటా అని నిఘంటువు తెరిస్తే డిస్గస్ట్ అంటే రివల్షన్ అని ఉంటుంది. సరే కదా అని రివల్షన్ దగ్గరికి వెళ్తే డిస్గస్ట్ అని ఉంటుంది. మీ ఇల్లెక్కడ అంటే మా తమ్ముడింటి ఎదురుగా, మీ తమ్ముడిల్లెక్కడ అంటే మా ఇంటి ఎదురుగా అన్నట్టు.

నాకెందుకీ గొడవ అంటారేమో, నా ఉద్యోగమే అది. ఇంగ్లీషు సీరియళ్ళు నడుస్తుంటే తెర కింద తెలుగు అక్షరాలు పడతాయి చూడండి, అవి వేసేది నేను. చెవులకు హెడ్‌ఫోన్లు తగిలించుకుని, వాళ్ళు అన్నది విని, కుదించి, కింద పెట్టాలి. రెండు వరుసలు దాటకూడదు. మా పైఅధికారిని అందరం కత్తెర అంటాం. ఎవరు ఏం రాసినా వెనక నిలబడి, "ఇంకా తగ్గించమ్మా, చదివేలోపు బొమ్మ పోతుంది" అనడమే ఆయన పని. ఆ మధ్య ఒక సీరియల్లో మొగుణ్ణి వదిలేసి పోతున్న ఒకావిడ మెట్ల మీద నిలబడి, పైన చెప్పిన మాటలన్నీ గుక్క తిప్పుకోకుండా అతని మొహాన కొట్టింది. నేను "నువ్వంటే నాకు అసహ్యం" అని వేసి, ఆవిడ అరుపు అయ్యేదాకా అదే తెర మీద ఉంచేశాను. కత్తెర తెగ మురిసిపోయాడు. "అదీ! ఆవిడ అంతసేపు గొంతు చించుకుంటే నువ్వు మూడు మాటల్లో తేల్చేశావు" అన్నాడు. అప్పటికి నాకూ గొప్పగానే అనిపించింది.

ఇంట్లో మాత్రం ఏదీ మూడు మాటల్లో తేలడం లేదు.

మా ఆయన లిఫ్టులు బాగుచేస్తాడు. కొన్ని నెలల కిందట ఆయనకు విషజ్వరం వచ్చింది. అది పోతూ పోతూ ఆయన ముక్కును కూడా పట్టుకుపోయింది. కొన్నాళ్ళు ఏ వాసనా తెలియలేదు. అప్పుడే నయం. తర్వాత వాసన తిరిగొచ్చింది కానీ, వచ్చింది ఆయన ముక్కు కాదు, ఇంకెవరిదో. ఉల్లిపాయ తరిగితే మురుగు కాలవ అంటాడు. కాఫీ పెడితే ఎవరో టైర్లు తగలబెడుతున్నారంటాడు. పళ్ళు తోముకోవడానికి పేస్టు మూత తీస్తే చాలు, బాత్‌రూమ్‌లోంచి డోకులు వినబడతాయి. పొద్దున్నే పొయ్యి వెలిగించాలంటే ఆయన బయటికి వెళ్ళేదాకా ఆగాలి, సాయంత్రం ఆయన వచ్చేలోపు ఆర్పేసి కిటికీలన్నీ తెరిచిపెట్టాలి. అన్నం చల్లారబెట్టుకుని, ముక్కు మూసుకుని, మందు మింగినట్టు మింగుతాడు. ఇంత జరుగుతున్నా లిఫ్టు గ్రీజు వాసన మాత్రం బ్రహ్మాండంగా ఉందట! పని నుంచి వచ్చి నల్లటి చొక్కా చేయి ముక్కు దగ్గర పెట్టుకుని కూర్చునేవాడు. చూస్తే నాకు ఒళ్ళు మండేది.

తర్వాత నా వంతు వచ్చింది. ఒకరోజు మంచినీళ్ళ గ్లాసు ఇవ్వడానికి వంగితే మొహం పక్కకు తిప్పుకున్నాడు. ఏమైందంటే ఏం లేదన్నాడు. మర్నాడూ అంతే. నాలుగోసారో అయిదోసారో నేను గట్టిగా నిలదీస్తే నేల చూపులు చూస్తూ, "నీ దగ్గర ఏదో వాసనొస్తోంది" అన్నాడు.

"ఏం వాసన?"

"ఏమో, చెప్పలేను."

"చెప్పలేనంటే ఎలా? కాఫీకి టైర్లని చెప్పారు, ఉల్లిపాయకి మురుగని చెప్పారు. నాకేం చెప్పరా?"

చెప్పలేదు. నేను సబ్బు మార్చాను. షాంపూ మార్చాను. పౌడరు మానేశాను. దిండు గలేబులు వేణ్ణీళ్ళలో ఉడకబెట్టాను. ఆఫీసు నుంచి రాగానే స్నానం, పడుకోబోయే ముందు స్నానం. ఇదంతా అయ్యాక ఆయన తన దిండు తీసుకుని ముందు గదిలో సోఫా మీదకి మారాడు. అక్కడ గాలి బాగా వస్తుందట. ఆ గదికి కిటికీయే లేదు.

గోరుచుట్టు మీద రోకటిపోటు మా అత్తగారు. ఆవిడ మాతోనే ఉంటారు, మోకాళ్ళ నొప్పులతో పగలంతా సోఫాలోనే. ఈయన సాయంత్రమైతే వెళ్ళి వాళ్ళమ్మకు ఆనుకుని మరీ కూర్చుంటాడు. అక్కడ ఏ కంపూ లేదట!

"మావాడి ముక్కుకేం కాలేదమ్మాయ్" అన్నారు ఆవిడ ఒకరోజు, నేను వింటానని తెలిసే. "నా పక్కన కూర్చుంటే బాగానే ఉంటున్నాడు. లోపం ఎక్కడుందో మరి."

"అంటే లోపం నాలో ఉందంటారా అత్తయ్యా?"

"అయ్యో, నేనెక్కడన్నానమ్మా? వాడి ముక్కు అంటోంది."

ఇలాంటి మాట విన్నాక మనిషి నవ్వాలా ఏడవాలా? నేను వెళ్ళి గిన్నెలు తోముకున్నాను, చప్పుడు ఎంత చేయగలనో అంత చేస్తూ.

కానీ ఆవిడ మాట నా లోపల ముల్లులా ఉండిపోయింది. ఎందుకంటే జ్వరానికి ముందే మా ఇద్దరికీ మాటలు సరిగ్గా లేవు. వేరే ఊళ్ళో పెద్ద పెద్ద భవనాల లిఫ్టుల పని వస్తే వెళ్దామన్నాడు ఆయన. నా ఉద్యోగం వదలను, రానన్నాను నేను. ఆయన ఒక్కమాట తిరిగి అనలేదు. అరిచే మనిషైతే అరిచి ఊరుకునేవాడు. ఈయన మింగేసే రకం. మింగిన కోపమే ఇప్పుడు ముక్కులోంచి బయటికి వస్తోందేమో, అత్త మీద కోపం దుత్త మీద చూపినట్టు మనసు విరిగి ముక్కు మీద పెడుతున్నాడేమో అని నా అనుమానం. ఆయనకు రోగం వచ్చిందా, లేక నేనంటేనే గిట్టకుండా పోయిందా? నాకు తెలియాల్సింది అదొక్కటే. రోగమైతే ఎన్నేళ్ళయినా భరిస్తాను. రెండోదైతే ఇన్ని సబ్బులు ఎందుకు తగలేసుకున్నట్టు?

ఎవరో ముక్కు డాక్టరు ఉన్నాడని, ఇలాంటి కేసులే చూస్తాడని ఆయనతో పనిచేసే మేస్త్రీ చెప్పాడు. కాకపోతే ఆ డాక్టరుకు ఇంగ్లీషు తప్ప రాదు. మా ఆయన ఇంగ్లీషు లిఫ్టు బొత్తాల వరకే: అప్, డౌన్, ఓపెన్, క్లోజ్. కాబట్టి ఆయన ముక్కుకు నోరుగా నేను వెళ్ళాను.

బయట కుర్చీల్లో కూర్చున్నప్పుడు మా ఇద్దరి మధ్య ఒక కుర్చీ ఖాళీగా వదిలాడు. నేను దాని మీద నా సంచీ పెట్టాను, చూసేవాళ్ళకు సంచీ కోసం వదిలినట్టు ఉంటుందని. లోపలికి పిలిచాక అక్కడా అంతే, నాది టేబులుకు ఈ చివర, ఆయనది ఆ చివర. డాక్టరు సన్నగా, పొడుగ్గా ఉన్నాడు. తొందర అనేది తెలియని మనిషి. టేబులు మీద అడ్డంగా కోసిన ప్లాస్టిక్ ముక్కు బొమ్మ ఒకటి, మూతలున్న చిన్న చిన్న గాజు సీసాల పెట్టె ఒకటి, ఎవరికైనా వాంతి వస్తే పట్టడానికి స్టీలు ట్రే ఒకటి. ఒక్కో సీసాలో కాగితం ముక్క ముంచి ఈయన ముక్కు దగ్గర పెడతాడు. ఎలా ఉందో ఈయన నాకు చెప్పాలి, నేను డాక్టరుకు చెప్పాలి.

మొదట గులాబీ. ఈయన మొహం ముడుచుకుని, "తీపి ఎక్కువైపోయింది. మొదట బాగానే ఉంటుంది, ఆ వెనకాలే మొహం మొత్తుతుంది. వెగటుగా ఉంది" అన్నాడు.

"డిస్గస్ట్" అన్నాను నేను.

తర్వాత కాఫీ. "అబ్బ, రోత! కుళ్ళిన దాని మీద కాలిన టైరు వేసినట్టు. నోట్లోకి వచ్చేసింది, ఉమ్మెయ్యాలనిపిస్తోంది."

"డిస్గస్ట్."

లవంగానికి కడుపులో తిప్పుతోందన్నాడు. ఉల్లిపాయకు చీదరగా ఉందన్నాడు, ఎవరో పక్కన కూర్చుని పలక మీద గోరు గీస్తున్నట్టు. షాంపూ వాసనకు కుర్చీలో వెనక్కి జరిగిపోయి, "కంపరం! ఒంటి మీద బల్లి పడ్డట్టుంది, తియ్యమను, తియ్యమను" అని చేతులు దులుపుకున్నాడు. నేను వరసగా డిస్గస్ట్, డిస్గస్ట్, డిస్గస్ట్. ఇందులో నేను కావాలని చేసిందేమీ లేదు. ఎవరైనా నోరు తెరిస్తే నా బుర్రలో రెండు వరుసల గీతలు వాటంతట అవే పడిపోతాయి. మిగతాది కత్తిరించడం చేతులకు అలవాటైన పని. పైగా నా ధ్యాసంతా సీసాల మీద లేదు. ఇవన్నీ అయ్యాక అసలు సంగతి ఎప్పుడొస్తుందా అని చూస్తున్నాను.

డాక్టరు పెట్టె మూత వేసేశాడు. కలం కింద పెట్టి, తాపీగా, నాతో ఇంగ్లీషులో చెప్పాడు. జ్వరం తర్వాత ముక్కు దారి తప్పినవాళ్ళు ఒక్కో వాసనకు ఒక్కో రకంగా బాధపడతారట. ఒకటి నోటికి తగులుతుంది, ఒకటి కడుపుకు తగులుతుంది, ఒకటి ఏమీ చెయ్యదు. అన్నిటికీ ఒకే మాట చెప్పే మనిషి దగ్గర మాత్రం చాలాసార్లు ముక్కులో ఏమీ ఉండదట. లోపల ఇంకేదో ఉంటుందట, అది తన పని కాదట. మనసు చూసే డాక్టరు ఒకాయన పేరు ఇస్తానన్నాడు.

ఇంతకాలం నేను భయపడింది ఇదే. అత్తగారు సోఫాలో కూర్చుని చెప్పింది కూడా ఇదే.

"ఏమంటున్నాడు?" అన్నాడు మా ఆయన.

"మీ ముక్కు శుభ్రంగా ఉందంటున్నాడు."

"శుభ్రంగా ఉండటమేంటి? నేను చెప్పినవన్నీ చెప్పావా?"

"చెప్పాను."

"గులాబీకి ఏం చెప్పావు?"

"డిస్గస్ట్ అన్నాను."

"కాఫీకి?"

"డిస్గస్ట్."

"ఆ షాంపూకి? నేను కుర్చీలోంచి పడబోయానే, దానికి?"

నేను ఒళ్ళో సంచీ సర్దుకున్నాను.

"నువ్వు మాటిమాటికీ డిస్గస్ట్ డిస్గస్ట్ అంటుంటే అదేదో నాకు రాయబోయే మందు పేరనుకున్నా! నేను అంత చెప్తే అన్నిటికీ ఒకే ముక్కా? వెగటూ కంపరమూ ఒకటేనా?"

"రెండూ బాగాలేవనేగా అర్థం!"

"బాగాలేకపోవడం వేరు! వెగటు అంటే ఇంకొంచెం ఓర్చుకోవచ్చు. కంపరం అంటే ఓర్చుకోవడమన్నదే ఉండదు, మనం అనుకునేలోపే ఒళ్ళు పారిపోతుంది. రోత నోటికి. చీదర చిరాకుకి. ఇంత చదువుకున్నావు, ఆఫీసులో రోజంతా ఇదేగా నీ పని. ఇంట్లో మనిషి చెప్పింది మాత్రం నీకు పట్టదు!"

"మీరు ఇంట్లో ఏం చెప్పారు గనక? నోరు విప్పితేగా! దిండు పట్టుకుని వెళ్ళిపోవడం తప్ప మీరు నాకు ఒక్క మాట చెప్పారా?"

గొంతులు పెరిగాయి. బయట నుంచి నర్సు తలుపు తీసి చూసి మళ్ళీ వేసేసింది. డాక్టరు మాత్రం చదరంగం చూస్తున్నవాడిలా ఒకసారి ఆయన్నీ ఒకసారి నన్నూ చూస్తూ కూర్చున్నాడు. మేం ఊపిరి తీసుకోవడానికి ఆగినప్పుడు, "ఇంతసేపూ వాసనల గురించేనా?" అన్నాడు. అవునన్నాను. "అయితే ఇందాక నాకు ఒక్క మాటే ఎందుకు అందింది?" అన్నాడు.

ఏం చెప్పను? చదివేలోపు బొమ్మ పోతుందని చెప్పనా? తప్పు నాదేనని, మళ్ళీ మొదటి నుంచి చెబుతానని అన్నాను. మొహం చెల్లలేదు కానీ చెప్పాను. డాక్టరు పెట్టె మూత తీశాడు.

రెండోసారి ఒక్కో సీసాకు మా ముగ్గురికీ యుద్ధమే. వెగటుకు ఇంగ్లీషులో సరైన మాట దొరక్క, మిఠాయి కొట్టు మొత్తం ఒక్కడే తిన్నాక ఎలా ఉంటుందో అలా అని చేతులతో చూపించాను. రోతను డిస్గస్ట్ అనే ఉంచాను. కంపరం దగ్గరికి వచ్చేసరికి నేను ఆగిపోతే డాక్టరే అందుకున్నాడు. నిఘంటువు నాకు ఏనాడూ చెప్పని తేడా ఆయన తన ఒంటి మీద వేలు పెట్టి చూపించాడు. డిస్గస్ట్ అంటే ఇది అని పెదవుల మీద పెట్టాడు. నోట్లోకి రానివ్వకూడదు అనుకునేది. రివల్షన్ అని భుజాలు రెండూ వెనక్కి లాగాడు. మనిషి ఒప్పుకున్నా ఒప్పుకోకపోయినా ఒళ్ళు వెనక్కి తిరిగేది. రిపగ్నెన్స్ అని నుదురు తాకాడు. ఇది తగదు అని బుద్ధి అడ్డం చెప్పేది. అబారెన్స్‌లో నీతీ న్యాయమూ ఉంటాయట, దానితో తనకు పని లేదన్నాడు. చివరికి లోదింగ్ అని చెయ్యి గుండె మీద పెట్టి, అక్కడే ఉంచాడు. అది ఒక్కరోజులో రాదు, రోజూ కాస్త కాస్త తిండి పెట్టి పెంచితే వస్తుంది, ఎదుట ఆ మనిషి లేకపోయినా అది పోదు అన్నాడు.

ఆ చివరి మాట వింటూ మెడ మీద జుట్టు ముందుకు లాక్కున్నాను.

"మనుషుల వాసన ఎలా ఉంటోంది?" అని అడిగాడు డాక్టరు. నేను ఆయన్ని అడిగాను. మా ఆయన తన బూట్ల వైపు చూశాడు.

"చెప్పండి. ఇంట్లో అందరికీ తెలిసిందేగా" అన్నాను.

"అమ్మ దగ్గర ఏమీ లేదు" అన్నాడు. అదీ మొదలుపెట్టిన తీరు! నేను పళ్ళు కొరుక్కుంటూ దాన్నే ఇంగ్లీషు చేసి పెట్టాను. డాక్టరు ఆవిడ ఒంటికేమైనా రాసుకుంటారా అని అడిగాడు. రాసుకోకేం, మోకాళ్ళకు, నడుముకు, నుదుటికి, పొద్దున లేచింది మొదలు ఘాటైన నొప్పుల మందు. డాక్టరు తల ఊపాడు. ఆ ఘాటు వాసనగా అందదట, చురుకుగా ముక్కులో పొడుస్తుందట, ఆ పోటులో మిగతా వాసనలు మరుగున పడతాయట. ఇన్నాళ్ళ ఆవిడ గర్వం, నా ఏడుపు, అంతా మోకాళ్ళ మందు దగ్గర తేలింది. అంటే నేను కూడా నెత్తి నుంచి పాదాల దాకా అది పూసుకుని కాపురం చెయ్యాలా అని అడగబోయి ఊరుకున్నాను.

"మీ భార్య దగ్గర?" అన్నాడు డాక్టరు, ఈసారి నేరుగా ఆయన వైపు తిరిగి. మా ఆయనకు ఇంగ్లీషు రాకపోయినా ఆ చూపు అర్థమైంది. డాక్టరు నాతో, "ఇక్కడ మాత్రం నాకు సరైన మాట కావాలి. కత్తిరించొద్దు" అన్నాడు.

ప్రపంచంలో ఏ పెళ్ళామూ మొగుణ్ణి ఇలాంటి ప్రశ్న అడిగి ఉండదు. నేను ఆయన వైపు తిరిగి కూర్చున్నాను.

"నేను దగ్గరికొస్తే మీకు రోతా, కంపరమా, ఏవగింపా? ఒకటి చెప్పండి."

"ఏవగింపేంటి?" అన్నాడు, నిజంగా అర్థం కానట్టు.

"ఏవగింపంటే తెలీదా? మనిషంటేనే పడకపోవడం. చూస్తేనే కాదు, తలుచుకున్నా సరే."

"అదెందుకొస్తుంది నీ మీద?"

"ఊరు రానన్నానుగా."

"దానికి కోపమొచ్చింది" అన్నాడు. "ఇప్పటికీ ఉంది. కోపం వేరు, అది వేరు. నీకు అన్నీ ఒకటేనా?" ఆయన అంతసేపు ఒక విషయం గురించి మాట్లాడటం నేను పెళ్ళయ్యాక వినలేదు. "నువ్వొస్తే ఒళ్ళు వెనక్కి పోతుంది. నేను పోవట్లేదు, ఒళ్ళు పోతోంది. దాన్ని ఆపుకుంటూ కూర్చుంటా. మేలుకుని ఉన్నప్పుడు ఆపగలను. నిద్రపోతే అది నా మాట వినదు. ఒకసారి నిద్రలో నిన్ను మోచేత్తో నెట్టేశాను. నువ్వు అవతలికి తిరిగి పడుకున్నావు, నీకు తెలీదు. ఇంకోసారి ఇంకా గట్టిగా నెడతానేమోనని దిండు తీసుకుని వెళ్ళిపోయా."

"ఇది అప్పుడే చెప్తే మీ సొమ్మేం పోయింది?"

"ఏమని చెప్పను? పెళ్ళాన్ని ఒళ్ళు ఒప్పుకోవట్లేదని చెప్పనా?"

డాక్టరు ఎదురుచూస్తున్నాడు. నేను రివల్షన్ అన్నాను. అక్కడితో ఆగలేదు. ఒళ్ళు పోతోంది నేను పోవట్లేదు అన్నది చెప్పాను, మోచెయ్యి చెప్పాను, దిండు చెప్పాను, కోపం ఇంకా ఉందన్నది కూడా చెప్పాను. డాక్టరు ఇంతకుముందు రాసింది కొట్టేసి కొత్తగా రాశాడు. లోపం ముక్కుదే అన్నాడు. నరాలు తెగి మళ్ళీ అతుక్కునేటప్పుడు తప్పుగా అతుక్కున్నాయి. రోజూ పొద్దునా సాయంత్రమూ ఆ సీసాలే వాసన చూస్తూ ముక్కుకు మళ్ళీ ఓనమాలు నేర్పాలి. చాలామందికి తిరిగొస్తుంది, పూర్తిగా వస్తుందని మాట ఇవ్వలేను, ఏడాది పట్టొచ్చు, రెండేళ్ళు పట్టొచ్చు అన్నాడు.

నేను లేవబోయాను. నాకు కావాల్సింది దొరికింది. సంతోషించాలి కదా, సంతోషంగానే ఉంది. డాక్టరు మాత్రం కూర్చోమన్నట్టు చెయ్యి చూపించి, "మీరెలా ఉన్నారు, ఇన్ని నెలలుగా?" అని అడిగాడు.

బాగున్నాను అంటే సరిపోయేది. ఒక వరుస కూడా పట్టదు. నోరు తెరిచాను, లోదింగ్ అని వచ్చింది.

ఆయన మీదా అని అడిగాడు డాక్టరు. కాదన్నాను. ఎవరి మీద అని అడగలేదు. నేను ఇంగ్లీషులో చెప్పుకుపోయాను, పక్కన ఉన్న మనిషికి ఆ భాష రాదన్న ధైర్యంతో. ఆఫీసులో బాత్‌రూమ్‌లోకి వెళ్ళి తలుపు వేసుకుని నా చేతులు నేనే వాసన చూసుకుంటానని. ఎవరైనా ముక్కు తుడుచుకుంటే నా వల్లేనేమో అనుకుని కుర్చీ దూరం జరుపుకుంటానని. బస్సులో పక్క సీటు ఖాళీగా ఉంటే బతికానురా అనుకుంటానని. రుద్ది రుద్ది మెడ దగ్గర చర్మం ఊడిందని, అది ఎవరికీ కనబడకుండా జుట్టు ముందుకు వేసుకుంటున్నానని. లైటు వేసుకుని స్నానం చెయ్యడం ఎప్పుడో మానేశానని. రోజూ ఇంత తిండి పెట్టి పెంచింది నేనే డాక్టర్, ఆయన కాదు అన్నాను.

"ఏమంటున్నావు?" అన్నాడు మా ఆయన. "ఆయన అలా చూస్తున్నాడేంటి?"

"ఏం లేదు."

"ఏం లేదంటే? అంతసేపు మాట్లాడావు. మొత్తం చెప్పు."

"ఇందాక మీరు చెప్పిందే..."

"కాదు. నేను చెప్పింది అప్పుడే అయిపోయింది. ఇది నీది. కత్తిరించకుండా చెప్పు."

"నా ఒళ్ళంటే నాకు ఏవగింపు పుట్టింది అన్నాను" అన్నాను. "చాలా?"

ఆయన లేచి, తన కుర్చీని వీపు పట్టుకుని ఈడ్చుకుంటూ వచ్చాడు. ఆ గచ్చు మీద అది చేసిన చప్పుడుకు నర్సు మళ్ళీ తలుపు తీసింది. నా కుర్చీకి ఆనించి వేసి కూర్చున్నాడు. ఆయన భుజాలు వెనక్కి పోతున్నాయి, గొంతులో ముడి పైకీ కిందకీ ఆడుతోంది, కళ్ళలోంచి నీళ్ళు కారుతున్నాయి. జుట్టు పక్కకు తీసి, మెడ మీద ఆ ఊడిన చర్మం చూసి, అక్కడే ముక్కు పెట్టి, నోరు గట్టిగా మూసుకుని ముక్కుతో గాలి పీల్చాడు. ఆయన ఒళ్ళంతా జలదరించింది. మళ్ళీ పీల్చాడు.

"వద్దండీ, లేవండి. డాక్టరుగారు చూస్తున్నారు."

"చూడనీ."

"డోకొస్తోంది కదా మీకు!"

"వస్తే రానీ" అన్నాడు, పళ్ళు బిగించి.

"నా మీద పడితే ఊరుకునేది లేదు, ముందే చెప్తున్నా."

ఆయన తల ఎత్తలేదు. డాక్టరు టేబులు మీది స్టీలు ట్రేని నా వైపు నెట్టాడు. నేను దాన్ని అందుకుని ఆయన గడ్డం కింద పట్టుకుని కూర్చున్నాను.